ముప్ఫై ఏడో ఫ్లాటులో రెండు వందల పద్నాలుగు మంది

కపితోలీనా పావ్లొవ్నా ఇంట్లో రెండు వందల పద్నాలుగు మంది మగవాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళలో ఒక్కడూ ఏనాడూ చెత్తబుట్ట కిందికి తీసుకెళ్ళి పారబోసిన పాపాన పోలేదు. రెండు వందల పదిహేనోవాడు ఆమె భర్త వెనియమీన్ సవేల్యెవిచ్. ఆయనా అంతే.

మిగతావాళ్ళకైనా ఒక సాకుంది, వాళ్ళంతా ఎప్పుడో పోయారు. కొందరు రెండో ప్రపంచ యుద్ధంలో పోయారు, కొందరు తిరిగొచ్చాక తమ మంచం మీద తామే పోయారు. ఇంట్లో ఉన్నవి వాళ్ళ పతకం పుస్తకాలు. అరచేతిలో ఇమిడే ఎర్ర అట్ట, లోపల పేరు, పతకం నంబరు, ముద్ర, అడుగున పతకం అందుకున్న మనిషి సంతకం. అసలు పతకాల జోలికి వెనియమీన్ పోడు. "లోహం మాట్లాడదు కాపా, కాగితం మాట్లాడుతుంది" అంటాడు. పెళ్ళయిన ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఏ కాగితమూ తనతో పల్లెత్తు మాట మాట్లాడలేదని కాపా ఫిర్యాదు. ఆయనతో మాత్రం అవి పొద్దస్తమానం మాట్లాడేవి.

ఆదివారాలు సాంస్కృతిక భవనంలో, కోట్లు తగిలించే గది పక్కన క్లబ్బువాళ్ళు చేరతారు. అక్కడ ఒక పుస్తకం ఇచ్చి ఇంకోటి పుచ్చుకుంటారు. తెచ్చిన కొత్తవాణ్ణి వెనియమీన్ మెత్తటి కుంచెతో దులిపి, చెప్పుల డబ్బాలో పెట్టి మంచం కిందికి తోస్తాడు. ఆ తర్వాత నంబరు పట్టుకుని సైనిక దస్తావేజుల వెబ్‌సైటులో వెతుకుతాడు. ఎవడు, ఏ దళం, ఏం చేస్తే పతకం ఇచ్చారు అన్నది పైఅధికారి రాసి సంతకం పెట్టిన సిఫారసు కాగితంలో ఉంటుంది. అది దొరికాక వాడి ఊరికి ఉత్తరాలు రాస్తాడు. బతుకూ చావూ రెండూ తెలిశాకే వాడికి అద్దాల బీరువాలో చోటు. అంతవరకూ మంచం కిందే.

బీరువాలోకి ఎక్కినవాడికి పుట్టినరోజు జరుగుతుంది. చిన్న గ్లాసులో వోద్కా, దాని మీద నల్లరొట్టె ముక్క. నూట అరవై మంది ఎక్కారు కాబట్టి వారానికి మూడు పుట్టినరోజులు. వాళ్ళు తాగరు కనుక ఆ గ్లాసులు ఎవరు ఖాళీ చేసేవారో చెప్పక్కర్లేదు.

"ఇవాళ ఎవరిది?" అని అడిగేది కాపా, రొట్టె కోస్తూ.

"ప్రొకోఫీ దెమ్యానొవిచ్. మోర్టారు దళం. మంచి మనిషి."

"నిన్నటాయన కూడా మంచి మనిషే అన్నావు."

"చెడ్డవాళ్ళకి పతకాలిస్తారా?"

"పుట్టినరోజులు నీకు గుర్తుంటాయన్నమాట. నాది మార్చిలో. ఈసారి ఒక విమానదళం అతని పక్కన నన్ను కూర్చోబెట్టి కలిపి చేశావు."

వెనియమీన్ అప్పటికే ప్రొకోఫీ దెమ్యానొవిచ్‌తో మాట్లాడుతున్నాడు.

కాపాకి తాముండే భవనంలో ఇంకో మనిషి లెక్క ఉంది. ఈవిడ బతికున్న మనిషి, పేరు ఉస్తీన్యా తిఖొనొవ్నా కల్మికొవా, తొంభై ఏళ్ళు. కాపా వాళ్ళది మూడో అంతస్తు, అవ్వది అదే వరసలో అయిదోది, పైన కప్పే. లిఫ్టు లేదు. మోకాళ్ళు మొరాయించి అవ్వ నేల మీద కాలు పెట్టి మూడేళ్ళయింది. రోజూ పొద్దున్న తాడు కట్టిన బుట్ట పైనుంచి దిగుతూ వచ్చి కాపా బాల్కనీ ముందు ఆగుతుంది. కాపా అందులో రొట్టె, పెరుగు, కబుర్లు వేసి పంపుతుంది. కబుర్లు అంటే పాత వార్తాపత్రికలు, వాటి అంచుల మీద కాపా రాసిన వ్యాఖ్యలు.

అవ్వ కోరిక ఒక్కటే, కింది అంతస్తు. అక్కడ వాకిలి ఊడ్చే మనిషి ఖాళీ చేసిపోయిన ఫ్లాటు ఉంది, కిటికీ కింద మూరెడు మట్టి ఉంది. ఆ ఫ్లాటు యుద్ధంలో పనిచేసినవాళ్ళకే ఇస్తారు. అవ్వ పనిచేసింది. పద్దెనిమిదేళ్ళకే బట్టలుతికే దళంలో చేరి, ఒక సైనిక డివిజను మొత్తం లోదుస్తులన్నీ ఉడకబెడుతూ బెర్లిన్ దాకా నడిచింది. పతకం కూడా వచ్చింది. పతకాన్ని చిన్నప్పుడు ఆమె కొడుకు చేపల గాలానికి మార్చుకున్నాడు. దాని కాగితాన్ని అవ్వే పాడుచేసింది. చొక్కా జేబులో పెట్టుకుని మరిచిపోయి, ఆ చొక్కాని సోడా వేసిన కాగులో గంటన్నర ఉడకబెట్టింది. "శుభ్రంగా పోయింది పిల్లా, ఒక్క అక్షరం మిగల్లేదు. నా పనితనం అలాంటిది" అని చెప్పుకునేది, బాధా గర్వమూ సగం సగంగా. దళం రికార్డులన్నీ ఒక పడవతో పాటు నదిలో మునిగిపోయాయి.

కాగితం లేనివాళ్ళకి ఇంకో దారి ఉంది. తమతో పాటు యుద్ధంలో ఉన్న ఇద్దరు, ప్రభుత్వ జాబితాలో ఉన్నవాళ్ళు, సాక్ష్యం చెప్పాలి. జిల్లా సంక్షేమ అధికారి గెన్నాదీ ల్వోవిచ్ కొసూరిన్ రెండేళ్ళ కిందట అయిదంతస్తులూ ఎక్కొచ్చి, ఊపిరి తీసుకుని, అవ్వకి ఆ మాటే చెప్పాడు.

"ఇద్దరు సాక్షులు కావాలమ్మా."

"నాతో ఉన్నవాళ్ళలో ఎవరూ మిగల్లేదు బాబూ. నేనొక్కదాన్నే మిగిలాను కాబట్టే ఫ్లాటు నాకు కావాలి. వాళ్ళకి అక్కర్లేదు."

"అర్థమైందమ్మా. కానీ ఇద్దరు కావాలి."

ఇలా ఉండగా ఆ యుద్ధంలో విజయానికి డెబ్బై ఏళ్ళు నిండే వసంతం వచ్చింది. లుగొవ్‌స్క్ జిల్లా పత్రికలో ఒక ఫారం వేశారు. మీ చిరునామాలో యుద్ధ యోధులెవరైనా ఉంటే వివరాలు నింపి పంపండి అని. కాపా దాన్ని బంగాళాదుంప తొక్కలకి వాడదామనుకుంటుండగా వెనియమీన్ చేతిలోంచి లాక్కున్నాడు. కళ్ళు చెమ్మగిల్లాయి.

"చివరికి అడిగారు కాపా! ఇన్నేళ్ళకి వీళ్ళ గురించి ప్రభుత్వం అడిగింది!"

ఆయన ఉద్దేశంలో ప్రభుత్వం అడిగింది పుస్తకాల గురించే. రెండు వందల పద్నాలుగు ఫారాలు తెచ్చుకున్నాడు. ముత్యాల్లాంటి దస్తూరీతో పదకొండు రోజులు నింపాడు. పేరు, పతకం, తెలిసినంతలో పుట్టిన సంవత్సరం, దళం. 'ప్రస్తుతం ఎక్కడ ఉన్నారు' అన్నచోట తన ఇల్లే రాశాడు, ఉన్నది అక్కడే కదా. 'ఆరోగ్య పరిస్థితి' అన్నచోట కాసేపు ఆలోచించి, ఏ సేకర్తయినా రాసేదే రాశాడు. 'వెన్ను బలహీనం. ఒక పేజీ ఊడింది.' 'అంచులు అరిగాయి, ఎడమవైపు తేమ మరక.' ఫిరంగి దళం నాజర్ కుజ్మిచ్ దొల్గిఖ్ పుస్తకాన్ని ఎప్పుడో ఎలుక కొరికింది కనుక, 'కింది సగం లేదు.' 'ఏం సదుపాయాలు కావాలి' అన్నచోట అందరికీ ఒకటే, 'పొడిగా ఉండే చోటు. ఎండ తగలకూడదు.'

ఏప్రిల్ చివరి వారంలో వాకిట్లోకి లారీ వచ్చింది. కొసూరిన్ గులాబీరంగు పూలగుత్తి పట్టుకుని మూడో అంతస్తుకి వచ్చాడు. వెనక నలుగురు మనుషులు డబ్బాలు మోస్తున్నారు.

"నమస్కారం కపితోలీనా పావ్లొవ్నా గారూ. యోధులెక్కడ?"

"ఏ యోధులు?"

"రెండు వందల పద్నాలుగు మంది." జాబితా తీసి చూసుకున్నాడు. "ముప్ఫై ఏడో నంబరు ఇదే కదా? ఒక్కొక్కరికీ గోధుమ నూక, మాంసం డబ్బాలు, టీపొడి, ఒక ఉన్ని దుప్పటి. వెన్ను బలహీనం అన్నవాళ్ళకి కుక్కబొచ్చు నడుముపట్టీ అదనం."

కాపా ఒక్క క్షణం తన భర్త వంక చూసింది. ఆయన బల్లకింద ఏదో పడిపోయినట్టు వెతుక్కుంటున్నాడు. ఆమె లేచి అద్దాల బీరువా తలుపు తీసింది.

"నూట అరవై మంది ఇక్కడ. మిగతావాళ్ళు మంచం కింద."

కొసూరిన్ బీరువా చూశాడు. వంగి మంచం కింద చూశాడు. దుప్పట్ల కట్ట మీద కూలబడ్డాడు. పూలగుత్తి ఎవరికివ్వాలో తెలియక కాసేపు పట్టుకుని, చివరికి కాపాకే ఇచ్చాడు. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో ఆమెకి దొరికిన మొదటి పూలు అవే.

"మీ ఆఫీసులో ఎవరూ ఆ ఫారాలు చదవలేదా?" అంది కాపా. "పేజీ ఊడింది అని రాస్తే మనిషి అనుకున్నారా?"

"చదివారండీ. పేజీ అంటే ఏదో డాక్టర్ల భాష అనుకున్నారు." నుదురు తుడుచుకున్నాడు. "పైగా ఆ దస్తూరీ చూసి ముచ్చటపడ్డారు."

డబ్బాలు మోసే మనుషులు డబ్బాలు దించుతూనే ఉన్నారు. వాళ్ళకి అప్పజెప్పిన పని అది.

మర్నాడు కాపా కొసూరిన్ ఆఫీసుకి వెళ్ళింది. ఇంట్లో అడుగు తీసి అడుగు వెయ్యడానికి లేదు. దుప్పట్లు వంటింటి దాకా వచ్చాయి. నడుముపట్టీల వల్ల ఇల్లంతా తడిసిన కుక్క వాసన.

"వాళ్ళని జాబితాలోంచి తీసెయ్యండి గెన్నాదీ ల్వోవిచ్. పుణ్యముంటుంది."

"తీసెయ్యాలంటే ఒక్కొక్కరికీ మరణ ధ్రువపత్రం కావాలి."

"అవి ఎక్కడెక్కడి ఊళ్ళలోనో ఉంటాయి. కొందరికి అసలు ఉండవు."

"అయితే మనిషే పాస్‌పోర్టుతో వచ్చి, నేను లేను అని రాసి సంతకం పెట్టాలి."

"లేనివాడు ఎలా వస్తాడు?"

"రాలేదంటే కాగితం ప్రకారం ఉన్నట్టే." కొసూరిన్ గొంతు తగ్గించి బతిమాలాడు. "బతకనివ్వండమ్మా. మీకేం అడ్డం? వాళ్ళేమైనా నీళ్ళు వాడుతున్నారా, స్నానాలగది ఆపుతున్నారా? మొత్తం ప్రాంతంలో యోధుల సేవలో మా జిల్లాకే మొదటి స్థానం వచ్చింది. కొత్త బస్సు ఇచ్చారు. మే తొమ్మిది విజయోత్సవం రోజు మీ కిటికీ కింద బ్యాండుమేళం కూడా పెడుతున్నారు. ఇప్పుడు వాళ్ళు లేరంటే నేను కూడా ఉండను."

కాపాకి జాలేసింది. లేవబోతూ, ఊరికే అడిగినట్టు అడిగింది. "మా కింది అంతస్తు ఫ్లాటు ఎవరికి వెళ్తోంది?"

"పండగ రోజున తాళంచెవి ఇస్తున్నాం. మొదటి అర్హుడు నాజర్ కుజ్మిచ్ దొల్గిఖ్. మీ ఇంట్లోనే ఉంటాడు. పాపం, కింది సగం లేదటగా."

"ఆయన తాళంచెవి తీసుకోడానికి రాకపోతే?"

"తర్వాత ఎవరికి కాళ్ళ బాధ ఎక్కువో వాళ్ళకి. కానీ జాబితాలో ఉన్నవాళ్ళకే."

గోడ మీద సాక్షుల నిబంధన అచ్చువేసిన కాగితం ఎండకి పసుపెక్కి ఉంది. కాపా దాన్ని ఒకసారి చదివింది. కళ్ళద్దాలు తుడుచుకుని ఇంకోసారి చదివింది. 'జాబితాలో ఉన్న ఇద్దరు' అని ఉంది. అంతకన్నా ఏమీ లేదు.

"సరే గెన్నాదీ ల్వోవిచ్, బతకనిస్తాం" అంది. "కానీ బతికున్నాక ఊరికే కూర్చోడం కుదరదు. ఏదో ఒక పని చెయ్యాలి."

ఇంటికొచ్చి నేరుగా బాల్కనీలోకి వెళ్ళి పైకి అరిచింది. "అవ్వా! నిన్నెవరైనా చూశారా?"

"ఎప్పుడు?"

"యుద్ధంలో!"

"బోలెడుమంది చూశారు. వాళ్ళ బట్టలన్నీ నా దగ్గరే ఉండేవి, ఎక్కడికి పోతారు?"

"గుర్తున్నవాళ్ళు?"

పైన ఉస్తీన్యా తల కడ్డీల మధ్యనుంచి కనిపించింది. "ద్నీపర్ నది దాటేటప్పుడు ఒక సార్జెంటు. తెప్పలు కట్టే దళం. నన్నూ నా కాగునీ తెప్పెక్కించాడు. కాగు వదిలెయ్యమన్నాడు, బరువట. నేను వదల్లేదు. నా చెయ్యి కొరికాడు."

"కొరికాడా?"

"పళ్ళతో. అయినా వదల్లేదు."

ఆ కాగు ఇప్పటికీ అవ్వ వంటింట్లో సగం ఆక్రమించుకుని ఉంది. యుద్ధం నుంచి ఆమె తెచ్చుకున్న ఆస్తి అదొక్కటే.

కాపా లోపలికొచ్చి భర్త ముందు నిలబడింది. ముప్ఫై ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఆ మాట ఆమె నోట వచ్చింది. "వేన్యా, నీవాళ్ళని బయటికి తియ్యి."

వెనియమీన్‌కి చెవులు పనిచెయ్యనట్టనిపించింది.

"ద్నీపర్ దాటినవాళ్ళు కావాలి. తెప్పలు కట్టేవాళ్ళు. ముందు మంచం కిందవాళ్ళని చూడు."

"మంచం కిందవాళ్ళు మామూలువాళ్ళు కాపా. అందుకే వాళ్ళని ఇంకా వెతకలేదు."

"నాకు మామూలువాళ్ళే కావాలి."

మూడు రోజులు ఇద్దరూ నేల మీద, దుప్పట్ల మధ్య కూర్చుని పని చేశారు. ఆమె నంబరు చదవడం, ఆయన వెతకడం. మూడో రోజు మధ్యాహ్నం ఆయన భూతద్దం కింద పెట్టేసి, ఏమీ మాట్లాడకుండా తెర ఆమెవైపు తిప్పాడు.

అది ఎఫీమ్ అనికేయెవిచ్ షూకిన్ అనే సార్జెంటుకి ఎర్రనక్షత్రం పతకం ఇవ్వమని రాసిన సిఫారసు కాగితం. టైపు కొట్టిన అక్షరాలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. 'శత్రువు కాల్పుల మధ్య అయిదుసార్లు నది దాటి గాయపడ్డ పదహారు మందిని తెచ్చాడు. చివరిసారి బట్టలుతికే దళానికి చెందిన సైనికురాలు కల్మికొవా ఉస్తీన్యాను, ప్రభుత్వ సొత్తు అయిన ఒక కాగును ఒడ్డు చేర్చాడు. వదిలెయ్యమని ఆదేశించినా సదరు సైనికురాలు కాగును వదలనందున, తెప్ప ఒరిగిపోకుండా తాను నీళ్ళలోకి దిగి ఈదుతూ తెప్పను తోశాడు.' కింద సంతకం, బెటాలియను కమాండరు, కెప్టెన్ బెర్సెనెవ్.

కాపా రెండుసార్లు చదివింది. "కొరికిన సంగతి రాయలేదే?"

"అలాంటివి రాయరు" అన్నాడు వెనియమీన్. తర్వాత ఆయన ముఖం నెమ్మదిగా పాలిపోయింది. "బెర్సెనెవ్."

"ఏం?"

"బెర్సెనెవ్ మన దగ్గరే ఉండేవాడు. పుస్తకంలో ఆయన సంతకం కూడా ఉంది, తోక గాలంలా వంకర తిరిగి."

"ఉండేవాడు అంటే?"

"పోయిన ఆదివారం ఇన్నొకెంతీకి ఇచ్చేశాను. ఇద్దరు నావికులు వచ్చారు, కాపా. ఇద్దరు! ఒకడి పుస్తకంలో ఉచిత రైలు ప్రయాణం కూపన్లు కూడా చింపకుండా ఉన్నాయి."

"ఇల్లంతా మగవాళ్ళు. కావలసినవాడు ఒక్కడు, వాడు ఊళ్ళోకి వెళ్ళాడు" అంది కాపా, కోటు వేసుకుంటూ.

ఇన్నొకెంతీ క్లబ్బు అధ్యక్షుడు. వీధి చివర ఒంటరిగా ఉంటాడు. ఇచ్చినదాన్ని తిరిగి ఇవ్వడం క్లబ్బు మర్యాద కాదని అరగంట ఉపన్యాసం ఇచ్చాడు. కాపా ఓపిగ్గా విని, ఇద్దరు నావికుల్నీ బల్ల మీద పెట్టింది. వాళ్ళ మీద మూడు ఉన్ని దుప్పట్లు పెట్టింది. ఆయన చూపు కిటికీవైపు తిప్పుకున్నాడు. దుప్పట్ల మీద ఊరబెట్టిన పుట్టగొడుగుల సీసా పెట్టింది.

"వెన్నునొప్పి ఏమైనా ఉందా ఇన్నొకెంతీ మాకారొవిచ్?"

"చలికాలంలో కొంచెం."

ఆమె ఒక కుక్కబొచ్చు నడుముపట్టీ తీసింది. కెప్టెన్ బెర్సెనెవ్ ఆ సాయంత్రమే ఇంటికి వచ్చాడు.

మర్నాడు పొద్దున్న కాపా సార్జెంటు పుస్తకాన్ని చేతిరుమాల్లో చుట్టుకుని అయిదో అంతస్తుకి ఎక్కింది. బుట్టలో పంపాలనిపించలేదు. ఉస్తీన్యా కాగు పక్కన పీట మీద కూర్చుని ఉంది. కాపా సిఫారసు కాగితం చదివి వినిపించింది. అవ్వ మధ్యలో ఒక్కసారే ఆపింది, "నీళ్ళలోకి దిగాడా? నాకు తెలియదు. చీకటి. నేను కళ్ళు మూసుకుని కాగు పట్టుకున్నాను. వదిలేసి పోయాడనుకున్నాను."

పుస్తకం చేతికి తీసుకుని చాలాసేపు చూసింది. ఫొటో లేదు, పేరూ సంతకమూ అంతే.

"ఎక్కడ ఉన్నాడు ఇన్నాళ్ళూ?"

"మా మంచం కింద."

"ఎప్పట్నుంచి?"

"నాలుగేళ్ళయి ఉంటుంది."

ఉస్తీన్యా పుస్తకాన్ని కళ్ళెదుటికి ఎత్తి పట్టుకుంది. "నాలుగేళ్ళుగా రెండంతస్తుల కింద ఉన్నావుట్రా, ఎఫీమూ? నాకు మోకాళ్ళు లేవు, దిగలేను. నీకేం వచ్చింది? ఒక్కసారి పైకొచ్చి పలకరించలేకపోయావా?"

తర్వాత ఎడమచేతి మీద, ఎప్పుడో అతను కొరికిన చోట రుద్దుకుంది. కాపా చూపు తిప్పుకుని కిటికీలో మట్టి తొట్టె వైపు చూసింది. అందులో దోస మొక్క ఒకటి నాలుగాకులు వేసి, ఎటు పాకాలో తెలియక కిటికీ అద్దానికి ఆనుకుని ఉంది.

మే ఏడున కొసూరిన్ సాక్ష్యం నమోదు చెయ్యడానికి వచ్చాడు. రాకుండా ఉండటానికి వీల్లేదు. జాబితాలో ఉన్న యోధులిద్దరు సాక్ష్యం చెబుతామంటే అధికారే వాళ్ళ ఇంటికి వెళ్ళాలని నిబంధన. కాపా మేజా మీద కొత్త గుడ్డ పరిచింది. రెండు కుర్చీల ముందు రెండు టీ గ్లాసులు పెట్టింది. ఒక గ్లాసు వెనకాల సార్జెంటు, ఇంకోదాని వెనకాల కెప్టెన్.

కొసూరిన్ కుర్చీల వంక చూసి, తలుపు వంక చూసి, ఫారం తీశాడు.

"అడగాలా?"

"నిబంధన నిబంధనే" అంది కాపా.

గొంతు సవరించుకున్నాడు. "పౌరుడు షూకిన్ ఎఫీమ్ అనికేయెవిచ్. పౌరురాలు కల్మికొవా యుద్ధంలో పనిచేసినట్టు మీకు తెలుసా?"

పైనుంచి ఎక్కడో నీళ్ళు పోస్తున్న చప్పుడు. వెనియమీన్ సిఫారసు కాగితాన్ని మెల్లగా మేజా మీద తోశాడు. కొసూరిన్ చదవడం మొదలుపెట్టాడు. ముందు అధికారిలా వేగంగా చదివాడు, కాగు దగ్గరికి వచ్చేసరికి నెమ్మదించాడు, నీళ్ళలోకి దిగిన చోట ఆగిపోయాడు. కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నాడు.

"కెప్టెన్ గారూ" అన్నాడు రెండో కుర్చీతో. ఆ 'గారూ' నిబంధనలో లేదు, దానంతట అదే వచ్చింది. "ఈ సంతకం మీదేనా?"

వెనియమీన్ కెప్టెన్ పుస్తకం తెరిచి పక్కన పెట్టి, భూతద్దం ఇచ్చాడు. రెండు సంతకాలకీ ఒకే తోక, గాలంలా వంకర తిరిగి.

కొసూరిన్ చాలాసేపు చూశాడు. టీ తాగాడు. ఏ గ్లాసు తాగుతున్నాడో గమనించలేదు, కెప్టెన్‌ది తాగాడు. చివరికి కలం తీసి రాశాడు. 'వయసు రీత్యా సాక్షులిద్దరూ నోటిమాటగా కాక, రాతపూర్వకంగా సాక్ష్యం ఇచ్చారు. సాక్ష్యాలు ఒకదానితో ఒకటి సరిపోయాయి.'

రాసింది తనకి తనే చదువుకుని ఆశ్చర్యపోయాడు. "ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు కదండీ!"

"అందుకే మీకు కాస్త ఇబ్బందిగా ఉంది" అంది కాపా. "అలవాటు లేక."

మే తొమ్మిదిన కొత్త బస్సులో బ్యాండుమేళం వచ్చింది. వాకిట్లో నిలబడి మూడో అంతస్తు కిటికీ వైపు తిరిగి వాయించారు. వెనియమీన్ కిటికీలో రెండు వందల పద్నాలుగు మందినీ ఎండ తగలకుండా పలచటి తెర వెనక నిలబెట్టాడు. కొసూరిన్ మైకులో పిలిచాడు, "దొల్గిఖ్ నాజర్ కుజ్మిచ్!" ఎవరూ రాలేదు. రెండోసారి పిలిచాడు. మూడోసారి పిలిచి, ఆయన ఆరోగ్యం కోసం చప్పట్లు కొట్టించి, "కల్మికొవా ఉస్తీన్యా తిఖొనొవ్నా!" అన్నాడు.

ఆవిడ అయిదో అంతస్తులో ఉంది. కాబట్టి ట్రాంబోను వాయించే ఇద్దరూ, పెద్ద డోలు అతనూ, వెనియమీనూ పైకి వెళ్ళి ఆమెని కుర్చీతో సహా ఎత్తారు. ఎత్తాక తెలిసింది, ఒళ్ళో కాగు ఉందని.

"కాగు తర్వాత తెస్తామవ్వా" అన్నాడు డోలు అతను. "చాలా బరువుంది."

"తేవు."

"మెట్లు ఇరుకు. పడిపోతాం."

"ఇంతకుముందు ఒకాయన కూడా ఇలాగే అన్నాడు" అంది అవ్వ. "నువ్వు కొరుకుతావా ఏం?"

డోలు అతనికి ఏమీ అర్థం కాలేదు. కాపా వెనక నడుస్తూ, "మొయ్యి నాయనా, వాదించకు. ప్రభుత్వ సొత్తు" అంది. నాలుగో అంతస్తులో కుర్చీ ఒక పక్కకి ఒరిగింది. వెనియమీన్ రెండు మెట్లు కిందికి దిగి, భుజంతో కింది నుంచి తోసిపట్టాడు. కళ్ళద్దాలు జారి ముక్కు చివరికి వచ్చాయి. చొక్కా తడిసి ముద్దయింది. భర్తని అలా చూసి కాపా ఒక్క క్షణం ఆగింది. మొదటిసారి ఆ ఇంట్లో ఒక మగవాడు ఏదో ఒకటి కిందికి తీసుకెళ్తున్నాడు.

వాకిట్లో కుర్చీ దించారు. కొసూరిన్ ఉపన్యాసం మొదలుపెట్టబోతే అవ్వ చెయ్యెత్తి ఆపింది. తాళంచెవి కాగులో వెయ్యమంది. అది ఖంగుమంది. తర్వాత వంగి, కుడికాలి చెప్పు తీసి పక్కన పెట్టి, మేజోడు కూడా లాగేసి, కిటికీ కింద మూరెడు మట్టి మీద కాలు పెట్టింది. వేళ్ళు కదిపింది.

బ్యాండువాళ్ళు వాయించాలా ఆపాలా అని కొసూరిన్ వంక చూశారు. కొసూరిన్ కాపా వంక చూశాడు.

"ఎలా ఉందవ్వా?" అంది కాపా.

"తడి ఎక్కువైంది" అంది ఉస్తీన్యా. "కాస్త పిండాలి." అని, రెండో చెప్పు విప్పడానికి వంగింది.